మాట కాబోతూ ఆగిన పేరు: ఇంగ్లీషు వాడుకలో ఆల్టన్ టవర్స్

(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)



పంతులుగారి పేరు మీద జరిగే ఉపన్యాసంలో ఇంగ్లండులోని ఒక వినోదాల పార్కు గురించి మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకరు "సార్, తెలుగు విషయం ఏదైనా..." అని నసిగారు. వారికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్ అనే ఆంగ్లేయుడు, బళ్ళో నేర్పే తెలుగుకీ బజార్లో వినబడే తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గురజాడ, శ్రీనివాస అయ్యంగారు, రామమూర్తి పంతులుగారు ఆ ప్రశ్నను వదిలిపెట్టలేదు. దాని ఫలితమే ఇవాళ మనం ఇలా రాసుకుంటున్న తెలుగు. యేట్స్ మన వాడుకను గురించి అడిగాడు కాబట్టి మనం వాళ్ళ వాడుకను గురించి అడిగితే తప్పేమీ లేదు. పైగా పంతులుగారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవరల నోటి మాట విని, రాతలేని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మనిషి. వినబడినదాన్ని వినబడినట్టు రాసుకోవడం ఆయన పద్ధతి. ఆ పద్ధతిలోనే ఒక్క పేరును పట్టుకుని చూద్దాం.

ఆ పేరు ఆల్టన్ టవర్స్. ఇంగ్లండు నడిబొడ్డున స్టాఫర్డ్‌షైర్ అనే జిల్లా, అందులో ఆల్టన్ అనే చిన్న ఊరు. ఆ ఊరి పక్కన లోయ అంచున కప్పు కూలిన ఒక పెద్ద మేడ, దాని చుట్టూ తోటలు, తోటల చుట్టూ రోలర్ కోస్టర్లు. బ్రిటన్‌లో పెరిగిన పిల్లల్లో ఈ పేరు తెలియనివాళ్ళు అరుదు. బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ రెండింటికీ అందుబాటులో ఉంది కాబట్టి అక్కడి మన తెలుగు డాక్టర్ల పిల్లలకూ, చదువుకోవడానికి వెళ్ళిన మన కుర్రాళ్ళకూ కూడా తెలుసు. సభలో ముందు వరసలో కూర్చున్న తాతయ్యలు, అమ్మమ్మలు కొందరు ఇప్పుడే తలలూపారు. టికెట్టు ధర గుర్తొచ్చి ఉంటుంది.

ముందు ఆ పేరు పుట్టుక. ష్రూస్‌బరీ ఎర్ల్‌లనే జమీందారీ వంశం వారిది ఆ ఎస్టేటు. ఇంటిపేరు టాల్బట్. 15వ ఎర్ల్ చార్ల్స్ టాల్బట్ 1814 నుంచి ఆ రాతి లోయలో తోటలు వేయించాడు. అప్పటికి అక్కడున్న ఇంటిని ఆల్టన్ లాడ్జ్ అనేవారు, అంటే వేసవి విడిది లాంటిది. దాన్ని పెంచి ఆల్టన్ ఎబ్బీ అన్నారు. ఎబ్బీ అంటే క్రైస్తవ సన్యాసుల మఠం. ఆ ఇంట్లో ఒక్క సన్యాసీ ఎప్పుడూ లేడు. తర్వాత వచ్చిన 16వ ఎర్ల్ జాన్ టాల్బట్, 1831లో హేథ్రాప్‌లోని తన అసలు నివాసం కాలిపోవడంతో ఇక్కడికి మకాం మార్చి, ఇంటికి బురుజులు, గోపురాలు తగిలించి ఆల్టన్ టవర్స్ అని పేరు మార్చాడు. లండన్ పార్లమెంటు భవనం లోపలి అలంకరణ చేసిన ప్యూజిన్ ఈ మేడలోనూ పని చేశాడు. అంటే ఈ పేరు ఊరివాళ్ళ నోట పుట్టలేదు. ఒక జమీందారు దర్జా కోసం పెట్టుకున్నాడు. మన దగ్గర ఇంటి గేటు మీద 'నిలయం', 'నివాస్' అని చెక్కించుకునే సరదా ఉంది చూడండి, దానికి ఇది పెద్దన్న.

తర్వాత వంశం తడబడింది. 17వ ఎర్ల్ 1856లో వారసులు లేకుండా పోయాడు. ఆస్తి కోర్టుకెక్కింది. 1857లో ఇంట్లో సామానంతా వేలం వేశారు. 1860లో తోటలు జనానికి తెరిచారు. 1924లో ఎస్టేటు స్థానిక వ్యాపారుల చేతికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ సైనికాధికారులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం అయ్యాక మేడ లోపలి కలప, సీసం ఊడదీసి అమ్ముకున్నారు. మిగిలింది గోడలు. 1930లో పుట్టిన ఇంగ్లీషువాడికి ఆల్టన్ టవర్స్ అంటే పూలచెట్లు, చెరువులో పడవ, పాడుబడిన మేడ. 1980లో జాన్ బ్రూమ్ అనే యజమాని కార్క్‌స్క్రూ అనే రోలర్ కోస్టర్ పెట్టించాడు. అంతే, ఆ ఏడాది పుట్టినవాడికి అదే పేరు వింటే పొట్టలో తిప్పుతుంది. ఒక అక్షరం మారలేదు, స్పెల్లింగు మారలేదు, భౌగోళికంగా ఒక్క అడుగు జరగలేదు. అర్థం మాత్రం ఒక్క తరంలో తలకిందులైంది, అక్షరాలా.

ఇక్కడొక తమాషా ఉంది. చెప్పకుండా ఉండలేను. టవర్స్ అనే పేరు వినగానే పిల్లలు ఆకాశాన్నంటే ఆటలు ఊహించుకుంటారు. కానీ పార్కు చుట్టూ పల్లెలు, పొలాలు. అందుకని అక్కడ కట్టే ఏదీ చెట్ల తలలు దాటి కనబడకూడదని ప్లానింగ్ వాళ్ళ షరతు. పైకి పోలేనివాళ్ళు కిందికి పోయారు. 1994లో వచ్చిన నెమెసిస్ అనే కోస్టర్ కోసం రాతిని పేల్చి గొయ్యి తీశారు. 1998లో వచ్చిన ఆబ్లివియన్ నిటారుగా నేలలోని చీకటి బొరియలోకి దూకుతుంది. పేరులో గోపురాలు, ఊళ్ళో గోతులు. పేరుకీ వస్తువుకీ పొత్తు ఉండాలని వాదించే పండితులు ఒకసారి వెళ్ళి చూడాలి.

ఇక వ్యాకరణం. మన బళ్ళలో ఇంగ్లీషు చెప్పిన ప్రతి మాస్టారూ కర్త బహువచనమైతే క్రియ బహువచనం అని బెత్తంతో నేర్పారు. టవర్స్ బహువచనమే. కానీ ఏ ఇంగ్లీషు తల్లీ 'ఆల్టన్ టవర్స్ ఆర్' అనదు. 'ఆల్టన్ టవర్స్ ఈజ్ షట్ టుడే' అంటుంది. లండన్‌లోని క్యూ గార్డెన్స్ దారీ అదే. ఆ జనమే క్రికెట్ చూస్తూ 'ఇంగ్లండ్ ఆర్ విన్నింగ్' అంటారు. ఒక దేశం పదకొండు మందైపోతే బహువచనం, ఎన్నో బురుజులు ఒక చోటైపోతే ఏకవచనం. రూపాన్ని పక్కన పెట్టి మనసులో ఉన్న లెక్కను బట్టి క్రియ నడిపిస్తున్నారన్న మాట. ఇది తప్పు ఇంగ్లీషని దిద్దబోయే సాహసి ఎవరైనా ఉంటే పంతులుగారి వ్యాసాలు మరోసారి చదువుకోవాలి.

మరొకటి. లివర్‌పూల్, మాంచెస్టర్ ప్రాంతంలోనూ, లండన్ కుర్రకారులోనూ 'గోయింగ్ పబ్', 'గోయింగ్ నాండోస్' (నాండోస్ ఒక హోటల్ పేరు) అనే వాడుక ఉంది. మధ్యలో ఉండాల్సిన 'టు' ఉండదు. 'వియ్ ఆర్ గోయింగ్ ఆల్టన్ టవర్స్' అనడమూ ఆ కోవలోదే. చదువుకున్నవాళ్ళు దీన్ని విని మొహం చిట్లిస్తారు. మనకు చిట్లించాల్సిన పని లేదు. 'హైదరాబాద్ వెళ్తున్నా', 'గుంటూరు పోయొచ్చాను' అంటూ కు ప్రత్యయాన్ని మనం ఎప్పుడో మింగేశాం. గమనించాల్సింది ఏమిటంటే, అందరికీ తెలిసిన చోటు అయితేనే ఇది నోటికి సులువుగా వస్తుంది. వినేవాడికి తెలియని చోటైతే ప్రత్యయం, దారి, గుర్తు అన్నీ చెప్పాలి. ప్రత్యయం రాలిపోయిందంటే ఆ పేరు ఇంటిమనిషి అయిందని.

దీనికంటే ఆసక్తికరమైనది ఆర్టికిల్. మామూలుగా ఈ పేరుకు ముందు ఏ ఆర్టికిలూ రాదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, అక్కడ పని చేసేవాళ్ళు ముద్దుగా 'ద టవర్స్' అంటారు, అది వేరు. కానీ ఒక పల్లెలో ఎవరైనా పొలంలో ఆటస్థలం పెడతామంటే, పల్లెవాళ్ళు సభలో లేచి 'వియ్ డోంట్ వాంట్ యాన్ ఆల్టన్ టవర్స్ హియర్' అనడం ఇంగ్లీషుకు సహజం. ఆ 'యాన్' వచ్చిందా, పేరు కదిలిందన్నమాట. అక్కడి ఆల్టన్ టవర్స్‌ను ఎవరూ పీకి తెచ్చి ఇక్కడ పెట్టడం లేదు. ఆ మాటకు అర్థం రద్దీ, హోరు, ఇరుకు రోడ్ల మీద బారులు తీరిన కార్లు. మనం 'ఇక్కడ మరో మేడారం అయింది' అన్నప్పుడు 'మరో' చేసే పని కూడా ఇదే. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నప్పుడు మనం ప్యారిస్‌ను అరువు తెచ్చుకున్నట్టు, ఇంగ్లీషువాళ్ళు ఆల్టన్ టవర్స్‌ను అరువు ఇస్తారు, పుచ్చుకుంటారు.

అరువు తీసుకునేటప్పుడు ఆ చోటులోని ఏ గుణాన్ని తీసుకుంటున్నారో చూడండి. దుకాణంలో పరుపుల మీద గెంతే పిల్లాడితో తల్లి 'దిస్ ఈజంట్ ఆల్టన్ టవర్స్' అంటే దాని అర్థం: గెంతడానికి ఇది చోటు కాదు. డాక్టరు దగ్గర గంటసేపు ఎదురుచూసినవాడు 'ఇట్స్ లైక్ ఆల్టన్ టవర్స్ ఇన్ హియర్' అంటే అతని మనసులో ఉన్నది క్యూ. గతుకుల రోడ్డు మీద బస్సు ఎగిరెగిరి పడితే 'బెటర్ దాన్ ఆల్టన్ టవర్స్' అంటాడు మరొకడు, అక్కడ ఉన్నది కుదుపు. కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ళు, పాప ఒకరోజు నవ్వు ఒకరోజు జ్వరం అని చెప్పుకునేటప్పుడు వచ్చేది ఎత్తుపల్లాలు. ఒకే పేరు, నాలుగు అర్థాలు. నాలుగింట్లోనూ ఆ ఎర్ల్ వేయించిన తోటలు లేవు, ప్యూజిన్ లేడు. కోట్లు ఖర్చుపెట్టి ప్రకటనలు వేసే యాజమాన్యం చెప్పే 'మాయాలోకం' కూడా లేదు. జనానికి పనికొచ్చింది క్యూ, కుదుపు, గోల. పేరు సొంతదారుది కావచ్చు, అర్థం చెప్పుకునేవాళ్ళది.

ఈ పేరుకు ఒక నల్ల రోజూ ఉంది. 2015 జూన్ 2న స్మైలర్ అనే కోస్టర్ మీద పదహారు మంది కూర్చున్న బండి, పట్టాల మీద ఆగి ఉన్న ఖాళీ బండిని ఢీకొంది. ఇద్దరు యువతులు చెరో కాలు పోగొట్టుకున్నారు. మరుసటి ఏడు పార్కు నడిపే మెర్లిన్ కంపెనీకి కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఆ వేసవి అంతా ఇంగ్లీషు వార్తల్లో ఆల్టన్ టవర్స్ అంటే ఒక ప్రమాదం. చోటు పేరు సంఘటన పేరుగా మారడం ఇంగ్లీషులో కొత్త కాదు. ఎబర్‌ఫాన్ అంటే 1966లో బొగ్గుగని మట్టిదిబ్బ జారి బడిపిల్లలు చనిపోయిన రోజు. హిల్స్‌బరో అంటే 1989లో ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన తొక్కిడి. మనకు కారంచేడు ఉంది, చుండూరు ఉంది. ఆ పేర్లను మామూలు ఊరి పేర్లుగా పలకడానికి ఇవాళ్టికీ నాలుక వెనకాడుతుంది. ఆల్టన్ టవర్స్ మాత్రం ఆ నీడలోంచి బయటికి వచ్చింది. ఎందుకంటే హిల్స్‌బరోలోనో కారంచేడులోనో జరిగింది న్యాయం కోసం దశాబ్దాలు నలిగిన గాయం. ఇక్కడ యాజమాన్యం తప్పు ఒప్పుకుంది, శిక్ష పడింది. ఆపైన, ప్రతి ఏటా కొత్త బడిపిల్లలు బస్సుల్లో వెళ్ళి ఆ పేరును తమ కేకలతో మళ్ళీ నింపుతూనే ఉన్నారు. గాయపడినవాళ్ళకు అది ఎలా వినబడుతుందో వేరే సంగతి. భాష వాళ్ళను అడగదు. భాషకున్న కటువైన గుణాల్లో ఇదొకటి.

ఇప్పుడు నా అసలు ప్రశ్న. ఇంతగా వాడుకలో నలిగిన పేరు పూర్తిగా మాట ఎందుకు కాలేదు? ఇప్పటికీ పెద్ద అక్షరాలతోనే రాస్తారు. క్రియ కాలేదు, విశేషణం కాలేదు. నిఘంటువులో మామూలు మాటల వరసలో దానికి పీట వేయలేదు. దానికంటే ముందు పుట్టిన జాతర స్థలాలు, తోటలు ఆ గడప దాటాయి కదా.

డబ్లిన్ దగ్గర డానీబ్రూక్ అనే చోట 1204లో రాజు అనుమతితో మొదలైన సంత ఉండేది. తాగుడు, తలలు పగలడం ఎక్కువైపోయి 1855లో దాన్ని మూసేశారు. ఇవాళ చిన్న అక్షరంతో డానీబ్రూక్ అంటే కొట్లాట. అమెరికావాళ్ళు హాకీ మైదానంలో జరిగే దొమ్మీని ఆ మాటతోనే చెబుతారు. వాళ్ళలో ఎందరికి డబ్లిన్ సంత తెలుసు? ఈలీ పట్టణంలో సెయింట్ ఆడ్రీ పేరిట జరిగే తిరునాళ్ళలో పట్టు రిబ్బన్లు అమ్మేవారు. ఆ సెయింట్ ఆడ్రీ నోళ్ళలో నలిగి టాడ్రీ అయింది, టాడ్రీ అంటే చవకబారు తళుకు. పాపం ఆ పుణ్యాత్మురాలు. లండన్ పిచ్చాసుపత్రి బెత్లెమ్ నలిగి బెడ్లమ్ అయి, గందరగోళానికి పేరైంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డను మనం ఎంత నిర్దయగా వాడామో మీకు తెలుసు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది వాక్స్‌హాల్. థేమ్స్ ఒడ్డున ఉన్న ఆ తోటలో దీపాలు, సంగీతం, విందులు, షికార్లు. ఒక విధంగా ఆల్టన్ టవర్స్‌కు ముత్తవ్వ. ఆ పేరు యూరప్ అంతా తిరిగి రష్యాలో వినోద మందిరానికి పేరైంది. రష్యాలో మొదటి ప్రయాణికుల రైలు 1837లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి జార్‌స్కోయె సెలోకు నడిచింది. మరుసటి ఏడాది పావ్లోవ్‌స్క్ దాకా పొడిగించారు. అక్కడ రైలు ఆగే చోటే సంగీతం జరిగే వోక్సాల్. వినోదం కోసం రైలెక్కిన జనం నోట మెల్లగా వినోదం జారిపోయి రైలు మిగిలింది. ఇవాళ రష్యన్‌లో వగ్జాల్ అంటే పెద్ద రైల్వే స్టేషన్. లండన్ తోట 1859లో మూతపడింది.

ఈ కథల్లో ఒక పోలిక కనబడుతోందా? డానీబ్రూక్ సంత ఎత్తేశారు. ఆడ్రీ తిరునాళ్ళ రిబ్బన్లు పోయాయి. వాక్స్‌హాల్ తోట మూసేశారు, రష్యావాడికి అది ఎటూ కనబడదు. చోటు కళ్ళ ముందు నుంచి తప్పుకున్నాకే పేరు స్వేచ్ఛగా మాట అయింది. ఆల్టన్ టవర్స్ బతికే ఉంది. ఏటా టికెట్లు అమ్ముతుంది, 2024లో నెమెసిస్‌ను మళ్ళీ కట్టి తెరిచింది, ప్రకటన వేసిన ప్రతిసారీ తన పేరును తనవైపు లాక్కుంటుంది. బతికున్న చోటు తన పేరును మాటగా మారనివ్వదు. ఇది నా అభిప్రాయం.

అభిప్రాయానికి ఎదురు ఉదాహరణ వెంటనే దొరుకుతుంది, దాచను. డిస్నీ బతికే ఉంది. అయినా ఇంగ్లీషులో డిస్నీఫికేషన్ ఉంది. 2003లో బ్రిటిష్ మంత్రి ఒకరు కొన్ని యూనివర్సిటీ చదువులను మికీ మౌస్ కోర్సులన్నారు. 2015లో బ్యాంక్సీ అనే చిత్రకారుడు వెస్టన్-సూపర్-మేర్ తీరంలో దిగులు పార్కు ఒకటి పెట్టి డిస్మాలాండ్ అంటే ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు. బ్లాక్‌పూల్‌లో 1923 నుంచి తిరుగుతున్న బిగ్ డిప్పర్ కూడా ఆగలేదు, అయినా బ్రిటిష్ నిఘంటువుల్లో బిగ్ డిప్పర్ అంటే రోలర్ కోస్టర్ జాతి మొత్తానికీ పేరు. కాబట్టి చావు ఒక్కటే షరతు కాదు. పేరు ఆకారం కూడా చూడాలి. డిస్నీ రెండు అక్షరాల మాట, దానికి ఏ తోకైనా అతుకుతుంది. ఆల్టన్‌టవర్సిఫికేషన్ అని పలికి చూడండి. సభలో ఎవరూ రెండోసారి అనలేరు. రెండు ముక్కల పేరు, రెండో ముక్క చివర అప్పటికే ఒక బహువచనం. తోక తగిలించడానికి చోటు లేదు. పైగా డిస్నీ ప్రపంచమంతటిదీ, ఆల్టన్ టవర్స్ ఒక దీవిది. అమెరికావాడి దగ్గర ఈ పోలిక తెస్తే 'అదేమిటి' అంటాడు. సముద్రం దాటని పేరు మాట కావడం కష్టం. నా తీర్పు ఇది: ఆకారం ఒక కాలికి, బతికి ఉండడం మరో కాలికి సంకెళ్ళు వేశాయి. ఆ పార్కు మూతపడితే, నూరేళ్ళ తర్వాత ఇంగ్లీషువాళ్ళు పొడవాటి క్యూను చిన్న అక్షరంతో 'ఆల్టన్' అంటారేమో. ఆ రోజు చూడడానికి మనం ఉండం.

చివరగా ఒక మనవి. 1879లో జేమ్స్ మరే, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం, చదివేవాళ్ళందరినీ చీటీలు రాసి పంపమని బహిరంగంగా అడిగాడు. మాట, అది వచ్చిన వాక్యం, ఎక్కడ, ఎప్పుడు. ఆ చీటీల మీదే అంత పెద్ద నిఘంటువు లేచింది. మీ పిల్లలు బర్మింగ్‌హామ్ నుంచో లెస్టర్ నుంచో ఫోన్ చేసినప్పుడు ఆల్టన్ టవర్స్ అనే పేరు ఏ వాక్యంలో దొర్లిందో తేదీ, ఊరు వేసి రాసి పెట్టండి. ఆ కాగితం వెనక వైపు తెలుగు వాక్యాలు రాయండి: తిరుపతి క్షవరం, మేడారం, ఎర్రగడ్డ, ఇంకా మీ జిల్లాలో మాత్రమే వినబడే ఊరి పేర్ల వాడుకలు, ఎవరు ఏ సందర్భంలో అన్నారో సహా. మన నిఘంటువుల్లో వీటికి ఉన్న చోటు చాలా తక్కువ. రాసిన చీటీలు ఈ సభ నిర్వాహకులకు ఇచ్చి వెళ్ళండి. వచ్చే ఆగస్టు 29 నాటికి వాటిని అకారాదిగా పేర్చే పని నేను చేస్తాను.